పేడలో గింజలు పడుతుంటే ఎంజైమ్ పొడి వాడాలా?

ప్రశ్న: మా ఆవులు ఈని రెండు నెలలైంది. పాలు పెరగాలని దాణా పెంచాను. ఇప్పుడు పేడ పలచగా పడుతోంది, గింజ ముక్కలు కనిపిస్తున్నాయి. వెన్న శాతం కూడా తగ్గింది. ఎంజైమ్ పొడి కలిపితే మేత బాగా అరుగుతుందంటున్నారు. వాడమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే పెద్దపొట్టలో ఆమ్లం పెరిగిందేమోనని నా అనుమానం.

గడ్డిలోని పీచును అరిగించే ఎంజైమ్‌లు ఆవు సొంతంగా తయారు చేసుకోలేదు. ఆ పని పెద్దపొట్టలోని బ్యాక్టీరియా, ప్రోటోజోవా, ఫంగస్‌లది. దాణా ఒకేసారి ఎక్కువగా పడితే అందులోని పిండి పదార్థం త్వరగా పులిసి పీహెచ్ పడిపోతుంది (పీహెచ్ అంటే ఆమ్లం కొలత, అది ఎంత తగ్గితే ఆమ్లం అంత పెరిగినట్టు). అది 6 కంటే తగ్గితే పీచు మీద బతికే బ్యాక్టీరియా మందగిస్తాయి. పీచు పులిస్తే వచ్చే అసిటిక్ ఆమ్లమే పాల వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు. అది తగ్గేసరికి వెన్న పడిపోతుంది. మేత కూడా పొట్టలో నిలవాల్సినంత సేపు నిలవక, సగం అరిగిన గింజలు పేడలోకి వచ్చేస్తాయి.

కాబట్టి ముందు పెంచిన దాణా కొంత తగ్గించి, మిగిలినదాన్ని రోజుకు మూడు నాలుగు సార్లుగా పెట్టండి. ముందు గడ్డి, తర్వాతే దాణా. గింజలు అలాగే పెడుతుంటే బరకగా మర పట్టించండి. గడ్డిని మాత్రం మరీ పొడిగా నరకొద్దు, ఆవు నమలాలి. నమిలేకొద్దీ లాలాజలం ఊరుతుంది. పాడి ఆవుకు ఇది రోజుకు 100 లీటర్లకు పైనే ఉంటుంది, అందులోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరుస్తుంది. పడుకున్న ఆవుల్లో సగానికి పైగా నెమరు వేస్తుంటే దారిలో పడినట్టే. మేత మానేసినా, నెమరు ఆగినా ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలవండి.

ఇక ఎంజైమ్‌ల సంగతి. అసలు పనిచేయవని నేననను. పీచును విడగొట్టే సెల్యులేజ్, జైలనేజ్ అనే ఎంజైమ్‌లతో చేసిన ప్రయోగాల్లో కొన్నిచోట్ల పాలు పెరిగాయి, కొన్నిచోట్ల ఏ తేడా లేదు. ఈనిన తొలి నెలల్లో, ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో ఫలితం కనిపించే అవకాశం ఎక్కువ. ఎంజైమ్ కూడా ప్రొటీనే కదా, విడిగా పొట్టలోకి వెళితే సూక్ష్మజీవులు దాన్నీ తినేస్తాయి. అదే ద్రవరూపంలో ముందుగా మేత మీద చల్లితే పీచుకు అంటుకుని కొంత నిలుస్తుంది. ఉడికించిన దాణాలో వేడి మీద కలిపితే మాత్రం దండగే. ముదిరిన గడ్డిని గట్టిపరిచే లిగ్నిన్ అనే అరగని పదార్థాన్ని ఈ ఎంజైమ్‌లు ఏమీ చేయలేవు, దానికి గడ్డిని లేతగా కోయడమే మందు. డబ్బా మీద ఫైటేజ్ (గింజల్లోని భాస్వరాన్ని విడదీసే ఎంజైమ్) అని పెద్దక్షరాల్లో ఉంటే మురిసిపోకండి. అది కోళ్లకు అవసరం, ఆవు పొట్టలోని సూక్ష్మజీవులే దాన్ని తయారు చేస్తాయి.

పేడ గట్టిపడ్డాక కూడా వాడాలనిపిస్తే, ఒకే ఈతలో, ఒకే పాల దిగుబడిలో ఉన్న ఆవులను రెండు గుంపులు చేయండి. ఒక గుంపుకే నాలుగు వారాలు పెట్టి, మేతలో ఇంకేదీ మార్చకుండా, పాలు, వెన్న రెండూ రాసుకోండి. పెరిగిన పాల డబ్బు పొడి ఖర్చును దాటకపోతే ఆపేయండి.