తుఫాను గాలి కొలవడానికి ఆడపిల్ల సముద్రంలోకి వెళ్లాలా?

ప్రశ్న: మాది బరంపురం. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ పూర్తిచేసింది. వాతావరణ శాస్త్రమే చదువుతానని పట్టుబట్టింది. ఆడపిల్ల నడిసంద్రంలో గాలి కొలుస్తూ తిరగాలా? ఏఐ, డేటా సైన్స్ బీటెక్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీ అమ్మాయిని ఎవరూ తుఫానులోకి తోయరు. ఉద్యోగమంతా దాదాపు ఆఫీసులోనే. ఉపగ్రహ చిత్రంలో మేఘాలు ఎంత బిగువుగా చుట్టుకున్నాయో, తుఫాను నడిమి కన్ను ఎంత తేటపడిందో చూసి, గాలి బలాన్ని అంచనాకట్టే డ్వోరాక్ పద్ధతిలో ‘టీ’ నంబరు వేస్తారు. 5 వేశారంటే గాలి సుమారు 90 నాట్స్, గంటకు 165 కిలోమీటర్ల పైమాటే. తీరానికి దగ్గరపడ్డాక మీ పక్కనే ఉన్న గోపాల్‌పూర్ డాప్లర్ రాడార్ అందుకుంటుంది.

ఇక ఏఐ మోజు. ఈమధ్య ప్రతి తండ్రీ ఇదే అడుగుతున్నారు, నాకు మాత్రం అనుమానమే. కంప్యూటర్‌కు నేర్పే అంకెలు ఎక్కడివో చూడండి. సముద్రంలో తేలే బోయాపై గాలిమీటరు నీటికి మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పెద్ద అలల మధ్య పల్లంలోకి దిగితే గాలి తక్కువ చూపిస్తుంది. ఉపగ్రహంలోని స్కాటరోమీటర్ నీటిమీది చిన్న అలల్ని బట్టి గాలిని లెక్కగడుతుంది, కుండపోత వానలో తికమకపడుతుంది. పైగా గాలి వేగానికి అమెరికా వాళ్లది ఒక నిమిషం సగటు, మన వాతావరణ శాఖది మూడు నిమిషాలు. ఒకే తుఫానుకు రెండు అంకెలు! ఇదేమీ తెలియకుండా అన్నీ కలిపి కంప్యూటర్‌లో పోస్తే ఏం నేర్చుకుంటుంది? ఫిజిక్స్ గట్టిగా వచ్చినవాళ్లకు కోడింగ్ తర్వాతైనా అబ్బుతుంది. అటునుంచి ఇటు రావడమే కష్టం.

ఒక మాట, నొచ్చుకోకండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముందే హెచ్చరించి లక్షల మందిని తరలించబట్టే కదా అన్ని ప్రాణాలు నిలిచాయి? ఆ పని చేస్తానంటున్న పిల్లకు ‘ఆడపిల్ల’ అని అడ్డుపడతారా? అసలు మీ భయం సముద్రం గురించి కాదు, చుట్టాలకు ఏం చెప్పుకోవాలన్నదే.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నా: బీటెక్‌కు అవకాశాలు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువే. ఇటు పోస్టులు తక్కువ. వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంట్ పరీక్ష 2017 తర్వాత మళ్లీ 2022లోనే పెట్టారు. అందుకే బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్స్ తీసుకోమనండి. తర్వాత విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో మెటీరియాలజీ ఎమ్మెస్సీ ఉంది, రైలెక్కితే కొన్ని గంటలే. అప్పటికి మనసు మారితే ఎంసీఏ ఎటూ ఉంది.