ఆ పెట్టె మీరే సర్దుకున్నారా?

అమ్మానాన్నలను మొదటిసారి అమెరికా రప్పించుకుంటున్న పిల్లలు నన్ను తరచూ అడిగే సందేహం ఒకటుంది. విమానాశ్రయంలో అధికారులు సంబంధం లేని ప్రశ్నలు వేస్తారట కదా, వంట ఎవరు చేస్తారని కూడా అడుగుతారట కదా, పెద్దవాళ్లు కంగారుపడితే ఎలా అని. అడిగే మాట నిజమే. కానీ అవేవీ ఊసుపోక వేసే ప్రశ్నలు కావు. ఒక్కోదాని వెనుక ఒక నిబంధనో, ఒకప్పుడు జరిగిన ఘోరమో ఉంటుంది. అదేమిటో ముందే చెప్పి పంపితే పెద్దవాళ్లు నిబ్బరంగా నిలబడతారు.

అన్నిటికన్నా పాతది, ‘పెట్టె మీరే సర్దుకున్నారా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?’ అన్న ప్రశ్న. 1986 ఏప్రిల్‌లో లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఐర్లాండ్‌కు చెందిన ఒక గర్భిణి ఇజ్రాయెల్ వెళ్లే విమానం ఎక్కబోయింది. ఆమె చేతిలోని సంచి కాబోయే భర్త నెజార్ హిందావీ ఇచ్చినది. ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ ఆల్ భద్రతా సిబ్బంది ఆమెను ప్రశ్నించి, సంచిలోని సామానంతా తీసి చూశారు. ఖాళీ అయ్యాక కూడా సంచి బరువుగానే ఉంది. అడుగున పేలుడు పదార్థం దాచి ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు. హిందావీకి 45 ఏళ్ల జైలుశిక్ష పడింది. అమెరికాలో ఈ ప్రశ్నను 2002 ఆగస్టులో ఎత్తేశారు గాని, ఇతర దేశాల నుంచి బయలుదేరేటప్పుడు ఇప్పటికీ వినబడుతుంది.

మనవాళ్లు ఇబ్బందిపడేది సరిగ్గా ఇక్కడే. ప్రయాణం సంగతి తెలియగానే వీధి చివరివారు కూడా ఒక పొట్లం తెచ్చి, ‘మా అబ్బాయీ డాలస్‌లోనే ఉన్నాడు, కాస్త అందజేయండి’ అంటారు. కాదనడానికి మొహమాటం. ఇచ్చినవారి మీద అనుమానంతో కాదు, మీ అమ్మగారు నిజం చెప్పగలగడం కోసం ఆ పొట్లం ఇంట్లోనే విప్పి చూడమనండి. విప్పడానికి వీల్లేదంటే తీసుకోవద్దనండి. దుబాయ్, అబుదాబి మీదుగా వచ్చేవారికి ఇది మరీ ముఖ్యం. మనం మసాలాలో వేసుకునే గసగసాలు ఆ నగరాలున్న యూఏఈలో నిషిద్ధం. పక్కింటివారి మసాలా పొడిలో ఏముందో మీ అమ్మగారికి ఎలా తెలుస్తుంది?

అబుదాబిలో ఇంకో సంగతి కూడా ఉంది. 2014 నుంచి అమెరికా అధికారులు అక్కడే కూర్చుని ప్రవేశ తనిఖీ చేస్తున్నారు. అంటే పెద్దవాళ్లు ఇంకా అమెరికా నేల మీద అడుగు పెట్టకముందే, నిద్రలేని కళ్లతో జవాబులు చెప్పాల్సి వస్తుంది.

తిండి గురించి అడిగితే ‘ఉంది’ అనే చెప్పాలి. కరివేపాకును పేరు పెట్టి మరీ అడుగుతారు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు ఆ ఆకుల మీద బతుకుతుంది కాబట్టి దాన్ని రానివ్వరు. చికెన్, మటన్ పచ్చళ్లు కూడా కుదరవు. గృహప్రవేశానికో భోగికో పిడకలు తేవాలనుకోవద్దు. పశువుల గాలికుంటు వ్యాధి భయంతో 2021లో వాషింగ్టన్ డల్లస్ విమానాశ్రయంలో, భారత్ నుంచి వచ్చిన ఒక పెట్టెలో దొరికిన పిడకలను అధికారులు ధ్వంసం చేశారు. ఉన్నది ఉన్నట్టు చెబితే, పనికిరానిది చెత్తబుట్టలో వేసి పంపిస్తారు. దాచి దొరికితే జరిమానా పదివేల డాలర్ల దాకా వెళ్లవచ్చు. ఆవకాయ జాడీ కోసం అంత ప్రమాదం ఎందుకు? కారప్పొడి, సున్నిపిండి చేతిసంచిలో పెట్టవద్దు. అమెరికా వచ్చే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులను 2018 నుంచి ప్రత్యేకంగా తనిఖీ చేస్తున్నారు, అవేమిటో తేలకపోతే తీసేస్తారు.

ఇక వంట ప్రశ్న. మాకు తెలిసిన ఒక పిన్నిగారు కూతురి పురుడికి వచ్చారు. ఎందుకు వచ్చారని అడిగితే, ‘వంటా, పసిబిడ్డా నేనే చూసుకుంటాను, మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్లాలి’ అన్నారు. ‘అందుకు మీ అమ్మాయి ఎంత ఇస్తుంది?’ అన్నాడు అధికారి. ‘గాజులు చేయిస్తానంది’ అన్నారావిడ సంతోషంగా. వెంటనే, ఇంకా లోతుగా ప్రశ్నించే రెండో తనిఖీ గదికి పంపారు. కూతురితో ఫోనులో మాట్లాడాక గాని వదల్లేదు. సందర్శకుల వీసా మీద వచ్చినవారు ఇక్కడ పని చేయకూడదు. ఆయా ఖర్చు తప్పించుకోవడానికి పిలిపించారేమోనని ఆ అధికారి అనుమానం. తల్లి మనసుకు ఆ అనుమానం ఎంత నొప్పి కలిగిస్తుందో నాకు తెలుసు. అబద్ధం నేర్పమని నేను చెప్పను. ఆవిడ వచ్చింది కూతుర్నీ మనవరాలినీ చూడటానికే. ఆ మాటే ముందు చెప్పి, తిరుగు ప్రయాణం తేదీ చెప్పమనండి. ఎన్నాళ్లు ఉండనివ్వాలో నిర్ణయించేది వీసా మీది తేదీ కాదు, ఎదురుగా ఉన్న ఆ అధికారే.

డబ్బు గురించి కూడా అడుగుతారు. పదివేల డాలర్లు దాటినా తేవడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. ఆ లెక్క కలిసి వచ్చే కుటుంబమంతటికీ కలిపి.

అర్థం కాని ప్రశ్నకు తలూపడం అన్నిటికంటే ప్రమాదం. ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్’ అనే రెండు మాటలు పెద్దవాళ్లకు కంఠతా వచ్చేలా చేయండి. ఫోనులో తెలుగు మాట్లాడేవారిని కలిపే ఏర్పాటు ఉంది, అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. మీ చిరునామా, ఫోను నంబరు కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టించండి. విమానం దిగే వేళకు మీ ఫోను చేతిలోనే ఉండాలి, తెలియని నంబరైనా ఎత్తాలి. అమ్మగారు ఎందుకు వచ్చారు, ఎన్నాళ్లు ఉంటారు అని అధికారి మిమ్మల్నీ అడగవచ్చు. అందుకే ఆ సంగతులు ఆవిడ విమానం ఎక్కక ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.