బయట గోడలకి ఏ రంగు? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది జంగారెడ్డిగూడెం దగ్గర. 120 గజాల్లో ఒక్క అంతస్తు ఇల్లు, తూర్పు ముఖం. పన్నెండేళ్ల కింద పెయింటర్ మాట విని నారింజ, చిలకాకుపచ్చ వేయించాం, ఇప్పుడు వెలిసిపోయి చూడబుద్ధి కావట్లేదు. ఈసారి సింపుల్‌గా న్యూట్రల్ రంగులు వేద్దామంటే ఇంట్లో రోజూ గొడవే. మావారు హైదరాబాద్ విల్లాల్లాగా డార్క్ గ్రే, వైట్ అంటారు. అత్తగారేమో క్రీమ్ కలర్ లక్షణంగా ఉంటుంది, బూడిద రంగేంటి ఇంటికి అంటారు. ముందు అరుగు మీద తాండూరు బండ, టేకు తలుపు, నల్ల గేటు ఉన్నాయి. మాది ఎర్రనేల. ఇల్లు కాస్త పెద్దగా కనపడాలి. ఏం వెయ్యమంటారు?

జవాబు: ముందు మీ అత్తగారి పక్షానే మాట్లాడతా, మీవారు ఏమీ అనుకోవద్దు. ఆ డార్క్ గ్రే ఫొటోల్లో బావుండడానికి కారణం ఆ ఇళ్ల ముందు వెడల్పాటి రోడ్డు, పచ్చగడ్డి, రెండు మూడంతస్తుల ఎలివేషన్. పదడుగుల ఎత్తున్న ఒక్క అంతస్తు ఇంటికి అదే రంగు ముందంతా కొడితే ఇల్లు ముడుచుకున్నట్టు ఉంటుంది, పైగా ముదురు రంగు ఎండని లాక్కుంటుంది, మీ మెట్ట ప్రాంతం మే నెల ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. అలాగని తెల్లటి తెలుపు కూడా వద్దు, మొదటి వానకే ఎర్రమట్టి చిందిపోయి కింద రెండడుగులూ పాడైపోతుంది, మధ్యాహ్నం కళ్లు చెదురుతాయి కూడా.

న్యూట్రల్ అనగానే అందరూ గ్రే ఒక్కటే అనుకుంటున్నారు ఈమధ్య. క్రీమ్, ఆఫ్ వైట్, బిస్కెట్, ఇసుక రంగు, గ్రేకీ బీజ్‌కీ మధ్యలో ఉండే రంగులు, ఇవన్నీ న్యూట్రలే. ఏది ఎంచుకోవాలో షేడ్ కార్డు చూసి తేల్చుకోకండి, ముందు మీ ఇంట్లో మార్చలేనివేంటో చూడండి. బండ మార్చరు, తలుపు మార్చరు. తాండూరు బండ పసుపుదా నీలందా అన్నది మీరు రాయలేదు, అసలు కీలకం అక్కడే ఉంది. పసుపు బండ అయితే వెచ్చగా ఉండే క్రీమ్, ఇసుక రంగులు దానికి కలిసిపోతాయి. నీలం అని అమ్మే బండ నిజానికి బూడిద రంగే కాబట్టి దానికి లేత గ్రే కూడా నప్పుతుంది, కాకపోతే మీ టేకు తలుపు వార్నిష్‌తో కాస్త నారింజ ఛాయలో ఉంటుంది చూడండి, దాని పక్కన నీలం కలిసిన గ్రే వేస్తే తలుపు ఇంకా నారింజగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కాబట్టి గ్రే కావాలన్నా గోధుమ ఛాయ ఉన్న గ్రే తీసుకోండి, మీవారి మాటా నిలబడుతుంది అత్తగారి మాటా నిలబడుతుంది.

ఏ గ్రేలో ఏ ఛాయ ఉందో కార్డు చూస్తే తెలీదు, అన్నీ ఒకేలా ఉంటాయి. మామూలు తెల్ల ఏ4 కాగితం పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి, ఒకటి నీలంగా, ఒకటి గులాబీగా, ఒకటి ఆకుపచ్చగా బయటపడతాయి. కొన్ని కార్డుల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక నంబర్ ఉంటుంది, ఆ రంగు వెలుతుర్ని ఎంత శాతం తిప్పికొడుతుందో చెప్పేది. 80 దాటితే దాదాపు తెలుపు కిందే లెక్క. మీ ఇంటి గోడలకి 60, 70 మధ్య చూస్కోండి, ఎండకి మంచిది, దుమ్మూ అంత కనపడదు.

ఇల్లు పెద్దగా కనపడాలన్నారు. దానికి రంగు కన్నా రంగుని ఎక్కడ ఆపాలన్నదే ముఖ్యం. పిట్టగోడకి వేరే రంగు పట్టీ కొడతారు చాలామంది, మీ పెయింటర్ కూడా కొడతానంటాడు, వద్దనండి. కింద నుంచి పిట్టగోడ పైదాకా ఒకే రంగు పోతే ఎత్తు కనపడుతుంది, మధ్యలో అడ్డంగా గీత పడితే ఇల్లు అక్కడికే తెగిపోతుంది. సన్‌షేడ్ అంచులకి, కిటికీ చుట్టూ ఆఫ్ వైట్ చాలు. కింద రెండడుగుల వరకు మాత్రం ఇటుక ఛాయ ఉన్న ముదురు గోధుమ రంగు వేయించండి, వాన చినుకులకి చిందే మట్టి అందులో కలిసిపోతుంది. మన పెద్దవాళ్లు గోడకి సున్నం, అడుగున జాజు, అంటే ఎర్రమట్టి, పూసింది ఊరికేనా మరి. నల్ల గేటు అలాగే ఉంచండి. ప్రహరీ గోడ కూడా ఇంటి రంగే, అక్కడ నాలుగో రంగు దూర్చకండి.

మీ నారింజ, చిలకాకుపచ్చ వెలిసిపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. అలాంటి గాఢమైన రంగుల్లో వాడే పిగ్మెంట్లు, అంటే రంగునిచ్చే పొడులు, చాలావరకు ఎండకి తొందరగా పోతాయి. క్రీమ్, బిస్కెట్, ఇటుక రంగుల్లో ఎక్కువగా ఉండేది ఐరన్ ఆక్సైడ్, అంటే ఒకరకంగా మట్టి రంగులే, ఇవి ఎండకి బాగా నిలుస్తాయి. న్యూట్రల్ వేసుకోవడంలో నాకు నచ్చే లాభం ఇదే.

ఇక శాంపిల్. పాత నారింజ మీద డైరెక్ట్‌గా కొట్టి చూడకండి, కన్ను మోసపోతుంది. ముందు తెల్ల ప్రైమర్ కొట్టించి, దాని మీద మూడడుగులు పొడవు మూడడుగులు వెడల్పు రెండు పూతలు వేయించండి, రెండే రెండు రంగులు, తూర్పు గోడ మీదా ఎండ పడని పక్కగోడ మీదా. పొద్దున ఏడింటికి, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి వీధి లైటు కింద కూడా చూడండి. కార్డులో కనపడినదానికన్నా బయట గోడ మీద రంగు లేతగానే అనిపిస్తుంది, అందుకే మీకు నచ్చినదానితో పాటు ఒక మెట్టు ముదురుది కూడా వేసి చూడమంటా. ఈ పనికి లీటరు డబ్బాలు రెండు అవుతాయి, అంతేగా.

గోడలు 1500 చదరపు అడుగులు అనుకుంటే రెండు పూతలకి, లీటరుకి 50 నుంచి 60 చదరపు అడుగుల లెక్కన, 25 నుంచి 30 లీటర్లు పడుతుంది. అంతా ఒకేసారి కలిపించుకోండి, బకెట్లు రెండుంటే ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోసి కలపమనండి, లేకపోతే సగం గోడ ఒక ఛాయ సగం ఒక ఛాయ వస్తుంది. రంగు కోడ్ నంబర్ మీటర్ బాక్సు తలుపు లోపల రాసి పెట్టుకోండి, డబ్బా మీద ఉందిలే అనుకుంటే ఆ డబ్బా మొక్కల తొట్టి అయిపోతుంది. వాస్తు ప్రకారం ఏ రంగన్నది మీ సిద్ధాంతిగారిని అడగండి, నేను ఆ గొడవలోకి రాను.

ప్రశ్న: అమలాపురం నుంచి. రెండేళ్ల కింద ఆఫ్ వైట్ వేయించాం, పిట్టగోడ కింద నల్లటి చారలు దిగాయి. ముదురు రంగు వేసుకుంటే పోతాయా?

జవాబు: పోవు, కనపడకుండా ఉంటాయి కొన్నాళ్లు. అది మీ రంగు తప్పు కాదండి, పిట్టగోడ పైన నిలిచిన నీళ్లు దుమ్ముతో సహా గోడ మీదకి కారడం, ఆ తడికి నాచు పట్టడం. పైభాగం వాలు డాబా లోపలికి ఉండాలి, బయటకి కాదు. సన్‌షేడ్ అడుగున నీటిబొట్టు రాలిపోయేలా చిన్న గాడి ఉందో లేదో చూడండి. తాపీమేస్త్రిని పిలిచి ఈ రెండూ సరిచేయించాకే చారల్ని బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో రుద్ది కడిగించండి, బాగా ఆరాక ప్రైమర్, ఆపైన నాచు పట్టని రకం ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయట గోడలకి వేసే నీళ్ల పెయింట్). రంగు మాత్రం అదే ఉంచుకోవచ్చు.

ప్రశ్న: కరీంనగర్ నుంచి. కొత్త ఇల్లు, బయట ప్లాస్టరింగ్ అయి పది రోజులైంది. ఇంకో రెండు వారాల్లో గృహప్రవేశం. లేత గ్రే వేసేద్దామంటున్నాడు పెయింటర్, వేయొచ్చా?

జవాబు: ఆగండి. సిమెంటు ప్లాస్టర్ ఆరడానికి కనీసం 28 రోజులైనా వదలాలి. పచ్చి గోడలో క్షారం, తడి ఉంటాయి, ఇప్పుడు రంగేస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది, లేత గ్రే మీద అవి ఇంకా బాగా తెలుస్తాయి. ముహూర్తానికి పూర్తి కావాలని సున్నం కొట్టించేయకండి, రేపు దాని మీద ఎమల్షన్ పట్టదు, మళ్లీ గీకించాలి. గడపకి పసుపు రాసి, మామిడి తోరణం కట్టి పాలు పొంగించేయండి, గోడ సిమెంటు రంగులో ఉందని చుట్టాలెవరూ భోజనం చేయకుండా వెళ్లిపోరు.

ప్రశ్న: గోడలకి లేత రంగు వేస్తే ఇల్లు చల్లబడుతుందా? హైదరాబాద్, ఒక్క అంతస్తు ఇల్లు.

జవాబు: కొంత. మీకు అసలు వేడి వచ్చేది స్లాబ్ మీద నుంచి, రోజంతా ఎండ దానిమీదే కదా. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (ఎండని తిప్పికొట్టే పైకప్పు) పాలసీ తెచ్చింది అందుకే. బడ్జెట్ తక్కువైతే గోడల పని వచ్చే ఏడాదికి పెట్టుకుని ముందు డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ కోటింగ్ వేయించండి, ఫిబ్రవరిలోపు.