మొదటి పీస్ కొన్నవాడికి రక్షణ లేకపోతే ఏ పారిశ్రామిక విధానమైనా ఒకటే

ప్రశ్న: కొత్త ఆవిష్కరణల్లో, ప్రపంచ పోటీలో ముందుకు రావడానికి చిన్న ఆర్థిక వ్యవస్థలు ఎలాంటి జాతీయ పారిశ్రామిక విధానం పెట్టుకున్నాయి? అందులో మనకు పనికొచ్చేది ఏమైనా ఉందా?

ముందే వచ్చిన జవాబుల్లో పన్నులు తగ్గించాలని ఒకరు, భూములు చవగ్గా ఇవ్వాలని ఒకరు, సింగపూర్‌కి లీ క్వాన్ యూ లాంటి ప్రధాని దొరికాడు మనకి దొరకలేదని ఇంకొకరు రాశారు. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ విశాఖ గాజువాక ఆటోనగర్‌లో లేత్ మిషన్ల మధ్య జుట్టు నెరిసినవాడిగా చెబుతున్నాను, అసలు సంగతి వాటిలో లేదు. కొత్త వస్తువు తయారుచేసినవాడికి ఎంత సబ్సిడీ ఇచ్చారనేది తర్వాత చూసుకోవచ్చు. దాన్ని మొట్టమొదట కొన్న ఆఫీసరు మెడ మీద కత్తి లేకుండా చూశారా లేదా, అది చెప్పండి ముందు. నెగ్గిన చిన్న దేశాలు ఏదో ఒక దారిలో ఈ చిక్కు విప్పుకున్నాయి. మనం విప్పుకోలేదు.

మా షాపులో ఎక్కువగా జాబ్ వర్కే. చుట్టుపక్కల ప్లాంట్ల నుంచి అరిగిన షాఫ్టులు, బుష్‌లు, పంపు విడిభాగాలు వస్తాయి, బాగుచేసి పంపిస్తాం. ఒక పెద్ద ప్లాంటు నుంచి సముద్రపు నీటి పంపుల స్లీవ్‌లు (షాఫ్టు అరగకుండా దాని మీద తొడిగే గొట్టాలు) పదేపదే వచ్చేవి. ప్లాంటు పేరు చెప్పను, చెబితే గేటు పాస్ దొరకదు. సముద్రపు నీటిలో ఉప్పొక్కటే కాదు, సన్నటి ఇసుక కూడా ఉంటుంది. అది నీరు కారకుండా షాఫ్టు చుట్టూ బిగించే గ్లాండ్ ప్యాకింగ్ దగ్గర చేరి స్లీవ్‌ని గాడి పడేలా తినేస్తుంది. కొత్తది విదేశం నుంచి రావాలి, ఆర్డరు పెట్టాక నెలల తరబడి ఎదురుచూడాలి. అందాకా మేం వెల్డింగ్‌తో నింపి, టర్నింగ్ చేసి నెట్టుకొచ్చేవాళ్లం.

మా ఫోర్‌మన్‌ది అనకాపల్లి దగ్గర పల్లె, ఐటీఐ చదువు. ఒకరోజు అరిగిన స్లీవ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, తిన్నదాన్నే మళ్లీ మళ్లీ నింపుతున్నాం. పైన గట్టిది ఏదైనా పూయిస్తే ఇసకే అరుగుతాది గదా" అన్నాడు. ఆ మాట పట్టుకున్నాం. ఉప్పునీటిని తట్టుకునే డ్యూప్లెక్స్ స్టెయిన్‌లెస్ స్టీలుతో స్లీవ్ చేసి, హైదరాబాద్‌లో బాగా గట్టిదైన టంగ్‌స్టన్ కార్బైడ్ పూత వేయించి తెచ్చి, డైమండ్ వీల్‌తో గ్రైండింగ్ చేశాం. మొదటిదానికి అంచు దగ్గర పూత పెచ్చులూడింది. పూతకి ముందే అంచుని కాస్త గుండ్రంగా తీస్తే నిలబడింది. ఆ గుండ్రం ఎంత ఉండాలో ఏ పుస్తకంలోనూ చూడలేదు, మావాడు గోరు పెట్టి తడిమి చెప్పేవాడు. ఇన్నోవేషన్ అంటే బీన్ బ్యాగులు, గాజు గోడలు ఉన్న ఇంక్యుబేషన్ సెంటరులోనే పుడుతుందని అనుకునేవాళ్లకి ఆ గోరు చూపించాలనిపిస్తుంది నాకు.

ఆ ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజినీరు ఒకాయన ధైర్యం చేసి దాన్ని స్టాండ్‌బై పంపుకి, అంటే అదనంగా సిద్ధంగా ఉంచే పంపుకి ఎక్కించాడు. విదేశీ స్లీవ్ మార్చాల్సిన టైము దాటిపోయినా మాది తిరుగుతూనే ఉంది. విప్పి చూస్తే గాడి లేదు. ధర చూస్తే విదేశీదానిలో సగం కూడా లేదు. ఆయన ఫోన్ చేసి, "ఈసారి టెండరులో మీరు తప్పకుండా వేయండి" అన్నాడు.

టెండరు వచ్చింది. పంపు తయారీదారు గానీ వాళ్ల అధీకృత డీలరు గానీ అయ్యుండాలట. లేదంటే గత మూడేళ్లలో ఇదే వస్తువుని ఇలాంటి ప్లాంటుకి సరఫరా చేసినట్టు ఆర్డరు కాపీ జతచేయాలట. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

పర్చేజ్ ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. మంచి మనిషి, కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. "మీ స్లీవ్ మీద నాకే అనుమానమూ లేదండీ. కానీ రేపు అది విరిగి పంపు ఆగిందనుకోండి, ఆటోనగర్లో ఎందుకు కొన్నావని విజిలెన్స్‌వాళ్లు నన్ను పిలుస్తారు. ఇంపోర్టెడ్‌ది విరిగిందనుకోండి, ఇంకోటి ఆర్డరు పెట్టమంటారు, అంతే. రిటైర్మెంటు ముందు నాకీ గొడవెందుకు చెప్పండి" అన్నాడు. ఏం చెప్పను? ఆయన కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణి. తర్వాత ఆ ఇంజినీరుకి బదిలీ అయింది, ట్రయల్ రిపోర్టు ఏ ఫైల్లో ఉందో కొత్తాయనకి తెలియదు. ఆర్డరు డీలరుకే వెళ్లింది.

మనకి రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. చిన్న పరిశ్రమల దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఇంత శాతం కొనాలని 2012లో విధానం వచ్చింది. మొదట 20 శాతం, తర్వాత 25 చేశారు. స్టార్టప్‌లకీ, చిన్న పరిశ్రమలకీ పూర్వానుభవం, టర్నోవరు షరతులు సడలించవచ్చని 2016లో చెప్పారు. బాగుంది. కానీ సడలించే అధికారం మళ్లీ అదే ఆఫీసరు చేతిలో పెట్టారు. సంతకం పెడితే బాధ్యత ఆయనది, పెట్టకపోతే ఎవరిదీ కాదు. ఆ 25 శాతమూ చేతి గ్లవుజులు, కుర్చీలు, హౌస్‌కీపింగ్‌తో నింపేస్తారని నా గట్టి నమ్మకం. కొత్త వస్తువుకి అందులో చోటుండదు.

కొరియా ఏం చేసిందో చూడండి. అది చిన్న ఆర్థిక వ్యవస్థ కాదు, ఒప్పుకుంటాను, కానీ ఈ విషయంలో నాకు గురువు అదే. అక్కడ చిన్న కంపెనీ చేసిన కొత్త వస్తువుకి ప్రభుత్వం పనితీరు ధ్రువీకరణ ఇస్తుంది. ధ్రువీకరణ ఉన్న వస్తువు కొని నష్టం వస్తే, కావాలని చేసిన తప్పో ఘోరమైన నిర్లక్ష్యమో ఉంటే తప్ప కొన్న అధికారి మీదకి రాదని చట్టంలోనే రాసుకున్నారు. పైగా పనితీరుకి బీమా. మా పర్చేజ్ ఆఫీసరుకి కావాల్సింది సరిగ్గా ఇదే.

నిజంగా చిన్న దేశమే కావాలంటే ఫిన్లాండ్. జనాభా 56 లక్షలు, మన పాత ఉమ్మడి జిల్లాలు ఒకటి రెండు కలిపితే సరిపోతుంది. 1981, 82లో స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్ టెలిఫోన్ శాఖలు కూడబలుక్కుని ఎన్‌ఎంటీ అని ఒకే మొబైల్ వ్యవస్థ మొదలుపెట్టాయి. నోకియాకి, ఎరిక్సన్‌కి పెరట్లోనే కొనేవాళ్లు దొరికారు. 1991 జూలై 1న ప్రపంచంలోనే మొదటి జీఎస్ఎం (డిజిటల్ మొబైల్) కాల్ ఫిన్లాండ్‌లో, నోకియా పరికరాల మీద వెళ్లింది. తర్వాత 2014లో ఆ కంపెనీ ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కి అమ్ముకుంది, అది వేరే కథ. తైవాన్‌లో చిప్పులు తయారుచేసే టీఎస్‌ఎంసీ 1987లో పుట్టినప్పుడు దాదాపు సగం పెట్టుబడి ప్రభుత్వానిదే. మునిగితే ముందు మేం మునుగుతాం అని చెప్పడమే కదా అది.

సింగపూర్ గురించి అందరూ పన్నులే చెబుతారు. నాకు నచ్చింది వేరు. 1986లో అక్కడి ఆర్థికాభివృద్ధి మండలి ఒక పథకం పెట్టింది. బహుళజాతి కంపెనీల్లోంచి అనుభవమున్న ఇంజినీరుని తీసుకుని, ఆయన జీతం మండలే భరించి, ఆ కంపెనీకి సరుకిచ్చే స్థానిక చిన్న షాపుల నాణ్యత పెంచే పని అప్పజెప్పింది. అంటే కొనేవాడి మనిషే వచ్చి అమ్మేవాడి పక్కన నిలబడి, ఇలా చేస్తే మేం తీసుకుంటాం అని చెబుతాడు.

ఇప్పుడు విశాఖ చూడండి. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి ఓడ జల ఉష 1948లో సముద్రంలో దిగింది ఇక్కడే. రిఫైనరీ 1957 నుంచి ఉంది. ప్లాంట్లకి భారీ పరికరాలు చేసే బీహెచ్‌పీవీ 1966లో వచ్చింది. స్టీల్ ప్లాంటు కోసం ప్రాణాలు పోయాయి, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఇన్ని భారీ ప్లాంట్లు, వాటి గోడ పక్కనే ఆటోనగర్. ఇన్ని దశాబ్దాలకి ఇక్కడి నుంచి ప్రపంచానికి పంపులో వాల్వులో అమ్మే కంపెనీలు వరసగా రావాలి కదా. మేం ఇంకా జాబ్ వర్కే చేస్తున్నాం. మా పిల్లలు సాఫ్ట్‌వేర్ అంటూ హైదరాబాద్, బెంగళూరు రైలెక్కుతున్నారు. పెట్టుబడుల సమ్మిట్ వచ్చిందంటే బీచ్ రోడ్డుకి రంగులు, దీపాలు. ఆటోనగర్లో వాన పడితే లారీ చక్రం సగం దాకా నీళ్లు.

ఒక్క మినహాయింపు, వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్. 270 ఎకరాలు, పరీక్షశాలలు ఆవరణలోనే ఉన్నాయి, శాంపిల్ పట్టుకుని ఊళ్లు తిరగక్కర్లేదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వెంటిలేటర్లు, టెస్ట్ కిట్లు అక్కడ తయారై వెళ్లాయి. పరీక్షశాలల గొప్పతనం సగమైతే, మిగతా సగం ఏమిటో తెలుసా? ఆ రోజుల్లో కొన్నవాడికి భయం లేదు, కొననివాడికే భయం.

2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. సంతోషమే. నన్నడిగితే కరెంటు, నీళ్లు, భూమి మాట్లాడుకున్నప్పుడే సింగపూర్ తరహాలో ఒక ఇంజినీరుని కూడా అడగాలి. చల్లబరిచే వ్యవస్థకి ఏమేం విడిభాగాలు కావాలో, ఏ కొలతలో కావాలో ఆయన ఆటోనగర్లో కూర్చుని చెప్పాలి.

కొన్నవాడికి రక్షణ ఇస్తే లంచాలు పెరుగుతాయని ఒకాయన వాదించాడు. దానికీ హద్దులు పెట్టొచ్చు. మొదటి ఆర్డరు కొన్ని లక్షలు దాటకూడదు. వస్తువు స్టాండ్‌బై యంత్రం మీదే నడవాలి, పరీక్షశాల సర్టిఫికెట్ ఉండాలి, బీమా ప్రీమియం ప్రభుత్వం కట్టాలి. ఒకే ఒక్క ప్లాంటులో ఒక ఏడాది నడిపి చూడమనండి.

బిల్లుల సంగతి ఇక్కడ ఎత్తకూడదనుకున్నాను గానీ ఉండబట్టడం లేదు. చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలని కూడా అందులో ఉంది. పెద్ద ప్లాంటుని ఆ వడ్డీ అడిగి, తర్వాత కూడా అదే ప్లాంటు నుంచి ఆర్డర్లు తీసుకుంటున్న ఆటోనగర్ ఓనరు ఎవరైనా ఉంటే చెప్పండి, నేనే వచ్చి కలుస్తాను.