సంక్రాంతికి పెరిగిన బరువు తగ్గాలంటే అన్నం మానేసి జొన్నరొట్టెలే తినాలా?

అక్కర్లేదు, డబ్బాలో మిగిలిన సకినాలు, అరిసెలు ఆపి మామూలు తిండికి, రోజూ నడకకు తిరిగొస్తే బరువు తగ్గుతుంది. పండగ వారంలోనే కాటా మీద ఎక్కిన కిలో రెండు కిలోల్లో చాలావరకు నీరే. తిన్న పిండిపదార్థంలో కొంత ఒంట్లో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది, దాని ఒక్కో గ్రాము సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు కూడా అంతే, నీటిని పోనివ్వదు. అందుకే వారం పది రోజుల్లో అది దానంతటదే దిగుతుంది, టెన్షన్ పడి ఉపవాసాలు చేయకండి. కొవ్వు మాత్రం నిదానం: కిలో కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తగ్గాలి.

సాయంత్రం చాయ్‌తో తినే నాలుగు సకినాలనే చూడండి. కాగితం మీద పెడితే నూనె మరక తేలుతుంది. 5 గ్రాముల నూనెలోనే 45 కేలరీలుంటాయి, పిండి లెక్క వేరే. ఇలాంటివి మాని రోజుకు 200 కేలరీలు తగ్గించుకుంటే ఐదారు వారాల్లో దాదాపు కిలో తగ్గుతుంది.

నల్గొండ, పాలమూరు వైపు చాలామంది జొన్నరొట్టె ఎన్ని తిన్నా లావెక్కరనుకుంటారు. అది పొరపాటు. 100 గ్రాముల జొన్నపిండిలోనూ, అంతే బియ్యంలోనూ సుమారు 350 కేలరీలే. జొన్నల్లో పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండుతుంది, మంచిదే. కానీ అన్నం తిన్నాక పైనుంచి రెండు రొట్టెలు తింటే లెక్క పెరుగుతుంది.