'క్రెడిట్'కు జత జమా, అరువా?

సందేహం: మా ఇంటర్ సీఈసీ పిల్లలకు అకౌంటెన్సీ మాటలు గుర్తుండేలా ఒక పదాల ఆట తయారుచేశాను. కొన్ని అట్టముక్కల మీద ఇంగ్లీషు మాటలు, కొన్నిటి మీద తెలుగు మాటలు రాశాను. జత కలిపిన జట్టుకు మార్కు. 'క్రెడిట్' ముక్క పక్కన ఒక జట్టు 'జమ' పెట్టింది, ఇంకో జట్టు 'అరువు' పెట్టింది. రెండు జట్లూ పాఠ్యపుస్తకమే చూపిస్తున్నాయి. ఎవరిది ఒప్పు? 'అనామతు' లాంటి పాత మాటలు ఈ కాలం పిల్లలకు అవసరమా? 'రుణగ్రస్తుడు', 'రుణగ్రస్థుడు' వీటిలో ఏది సరైనది? మొదటి అక్షరం ఋ రాయాలా, రు రాయాలా?
– ఒక కామర్స్ అధ్యాపకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: మార్కు రెండు జట్లకూ ఇవ్వండి. 'క్రెడిట్ సేల్స్' అన్నచోట మనం 'అరువు అమ్మకాలు' అంటాం. 'ఫలానా వారి ఖాతాకు క్రెడిట్ చేయాలి' అన్నచోట 'జమ చేయాలి' అంటాం. ఇంగ్లీషులో ఒకే మాట చేసే పనికి తెలుగులో రెండు మాటలున్నాయి. పైగా ఆ రెండూ ఎదురెదురు దారుల్లో నడుస్తాయి.

వీధి చివరి కిరాణా కొట్లో నెల ఖాతా ఉన్న ఇంటినే తీసుకోండి. పిల్లవాడు వెళ్ళి కిలో కందిపప్పు తీసుకుని 'నాన్న పేరున రాసుకోమన్నారు' అంటాడు. అది అరువు. కొట్టువాడి పుస్తకంలో ఆ ఇంటి బాకీ పెరిగింది, అంటే ఆ ఖాతాలో పడింది డెబిట్. ఒకటో తారీఖున జీతం రాగానే అదే పిల్లవాడి చేతికి రెండు వేలిచ్చి 'జమ వేసుకోమను' అని పంపిస్తారు. బాకీ తగ్గింది, ఇప్పుడు పడింది క్రెడిట్. సరుకు తెచ్చుకున్నది క్రెడిట్ మీదే, డబ్బు కట్టాక ఖాతాలో పడిందీ క్రెడిటే అని ఒక్క మాటతో చెబితే పదహారేళ్ళ పిల్లలకు టెన్షన్ రాక తప్పదు. జమ, అరువు అని విడదీసి చెబితే చిక్కు ఉండదు. ఇక్కడ తెలుగు ఇంగ్లీషు కంటే స్పష్టంగా ఉంది. ఆ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి.

క్రెడిట్‌కు మూడో జత కూడా ఉంది. 'ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం' అనే బోర్డు మన ఊళ్ళలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ క్రెడిట్ అంటే పరపతి. 'ఆయనకు ఊళ్ళో పరపతి ఉంది' అన్నప్పుడు డబ్బు ఊసే లేదు, ఆయన మాట మీద జనానికి ఉన్న నమ్మకం గురించి చెబుతున్నాం. క్రెడిట్‌కు మూలమైన లాటిన్ క్రియకు అర్థం కూడా నమ్మడమే. డెబిట్‌కు మూలమైన క్రియకు బాకీపడటం అని అర్థం.

మీ పిల్లలు రేపోమాపో ఇంకో ప్రశ్న అడుగుతారు. ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ వస్తుంది, డబ్బు వస్తే క్రెడిట్ అని, పోతే డెబిట్ అని. క్లాసులో నగదు పుస్తకం రాయిస్తే వచ్చిన డబ్బు డెబిట్ వైపు రాయమంటారు. ఏది నిజం? రెండూ నిజమే. మెసేజ్ బ్యాంకు తన పుస్తకం చూసి పంపింది. మనం దాచిన డబ్బు బ్యాంకు మనకు తిరిగి ఇవ్వాల్సింది కాబట్టి దాని పుస్తకంలో మన పేరున జమ. మన నగదు పుస్తకం మనది, అందులో మనకు వచ్చిన డబ్బు డెబిట్.

ఇది గుంటూరు మిర్చి యార్డు లెక్కతో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. రైతు చేను పెట్టుబడికి కమీషన్ వ్యాపారి దగ్గర 20,000 రూపాయలు తీసుకున్నాడనుకోండి. వ్యాపారి ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో (లెడ్జర్), అది రైతు పేరున ఖర్చు రాస్తారు. కాయ కోసి టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డుకు తెచ్చాక సరుకు 60,000 పలికింది. అది రైతు ఖాతాలో జమ. కమీషన్, హమాలీ పక్కన పెడితే రైతుకు రావాల్సింది 40,000. రైతు కొడుకు మీ విద్యార్థే అయి ఇంట్లో జంటపద్దు (డబుల్ ఎంట్రీ) పుస్తకం రాస్తే, అదే 60,000 వ్యాపారి ఖాతాలో డెబిట్ వైపు ఎక్కుతుంది. మొత్తం ఒకటే, పుస్తకం ఎవరిదో మారింది.

మన పాత పద్ధతి రోజువారీ పుస్తకంలో వచ్చిన డబ్బు జమ వైపు, ఎడమ పక్కన రాసేవారు. జంటపద్దు నగదు ఖాతాలోనూ వచ్చిన డబ్బు ఎడమ పక్కే, కాని ఆ పక్క పేరు డెబిట్. కారణం ఇదీ: పాత పుస్తకం డబ్బు ఎవరిచ్చారో వాళ్ళ పేరున జమ రాసుకుంటుంది, కొత్త పద్ధతి నగదునే ఒక ఖాతాగా చూస్తుంది. కాబట్టి 'జమ అంటే క్రెడిట్' అని బట్టీ పట్టించకండి. వ్యక్తి ఖాతా వరకు అది చెల్లుతుంది, నగదు ఖాతా దగ్గరికి వస్తే తిరగబడుతుంది.

అందుకే మాటకు మాట జత కలిపే ముక్కలు తీసేసి, ఖాళీ ఉన్న వాక్యాలు రాయమంటాను. 'డబ్బు నెలాఖరుకు ఇస్తామని సరుకు ......కు తెచ్చాం', 'నిన్న కట్టిన వెయ్యి మా ఖాతాలో ...... వేశారా?', 'సహకార ...... సంఘంలో రుణం మంజూరైంది'. మూడింటికీ మూడు వేరు మాటలు పడతాయి, తగువు రాదు. ప్రతి ముక్క మీదా 'కొట్టువాడి పుస్తకం', 'మన పుస్తకం' అని ఒక మూల రాస్తే డెబిట్, క్రెడిట్ ముక్కలు కూడా ధైర్యంగా ఆడించవచ్చు.

ఇక అనామతు. దీన్ని ఆటలోంచి తీసేయకండి. నగదు, బాకీ, వసూలు, జమ అరబీ నుంచి వచ్చినవే, ఖర్చు, రశీదు పారశీకం నుంచి వచ్చినవే, వాటిని పాత మాటలని ఎవరూ అనడం లేదు. అనామతు కూడా ఆ వరసలోదే. అరబీలో అమానత్ అంటే నమ్మి ఒకరి దగ్గర ఉంచిన సొత్తు. మన దగ్గరికి వచ్చేసరికి మ, న చోట్లు మార్చుకున్నాయి. మరాఠీలోనూ అంతే, అనామత్ అంటారు. రవాణా ఖర్చు 540 రూపాయలను ఆవర్జాలో పొరపాటున 450 అని ఎక్కించారనుకోండి. అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) 90 రూపాయల తేడా చూపిస్తుంది. తప్పు దొరికేదాకా ఆ 90ని ఉంచే చోటే అనామతు ఖాతా. అసలు ఖాతా తేలాక అక్కడికి పంపేస్తారు. ఇంగ్లీషులోని 'సస్పెన్స్ అకౌంట్' వింటే పిల్లలకు సినిమా గుర్తొస్తుంది. 'తేలేదాకా దాచి ఉంచినది' అని అర్థమయ్యే అనామతు ఆ పనికి ఎక్కువ తగిన పేరని నా అభిప్రాయం. పనిలో పనిగా ఇదీ చెప్పండి: పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో శేషం లేకుండా భాగించబడుతుంది. లెక్కలు రాసేవాళ్ళు తప్పు వెతికేటప్పుడు ముందు చూసేవాటిలో అదొకటి.

రుణగ్రస్తుడు అన్నదే ఒప్పు, స కింద త వత్తే, థ వత్తు కాదు. గ్రస్తం అంటే మింగబడినది. పంచాంగంలో గ్రహణం దగ్గర గ్రస్తోదయం, గ్రస్తాస్తమయం అని చూస్తాం. గృహస్థుడిలోని స్థకు ఉండటం, నిలవడం అని అర్థం. అది చూసి ఇక్కడా స్థ రాసేస్తున్నారు. తేలిక మాట కావాలంటే బాకీదారు ఉంది. 'అప్పులవాడు' మాత్రం వద్దు, 'అప్పులవాళ్ళు ఇంటి మీద పడ్డారు' అంటే వచ్చింది అప్పు ఇచ్చినవాళ్ళు.

ఋణం సంస్కృత రూపం, రుణం ఇప్పటి వాడుక. రెండూ రాయవచ్చు. గళ్ళ నుడికట్టు పెడితే మాత్రం ముందే ఒకటి ఖాయం చేసి పిల్లలకు చెప్పండి. గళ్ళు ఎటు రాసినా అయిదే, కాని నిలువు మాట 'రుసుము' ఆ మొదటి గడిలోంచి దిగుతుంటే ఋ రాసిన జట్టు అక్కడే ఆగిపోతుంది.