డెంటల్ క్లినిక్‌లో ‘కంప్లయన్స్ ఆఫీసర్’ ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి బీడీఎస్ చేసి ఇక్కడే ఒక క్లినిక్‌లో రెండేళ్లు పనిచేసింది. పెళ్లయ్యాక డాలస్ వెళ్లింది. అల్లుడుగారిది హెచ్-1బి, తనది హెచ్-4. అక్కడ డెంటిస్టుగా చేయాలంటే మళ్లీ చదవాలట. ఈలోపు ఖాళీగా ఉండలేక ‘హిపా, ఓషా కంప్లయన్స్ ఆఫీసర్’ అనే ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చూసుకుంది. ఫీజు 900 డాలర్లు. చేస్తే ఏ డెంటల్ క్లినిక్‌లోనైనా ఉద్యోగం గ్యారంటీ అంటున్నారట. చేరమనమంటారా? మా అబ్బాయి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్నాడు. వాడికైనా ఇది పనికొస్తుందా?

జవాబు: నమస్తే అండి. ముందు ఆ 900 డాలర్లు కట్టకుండా ఆపండి. కంప్లయన్స్ అంటే సంస్థ నిబంధనలు పాటించేలా చూసుకోవడం. అమ్మాయి ఎంచుకున్న ఈ విషయం మంచిదే. అందులోకి వెళ్లడానికి చూసుకున్న దారి మాత్రం సరైనది కాదు.

హిపా అనేది 1996లో వచ్చిన అమెరికా చట్టం. పేషెంట్ల ఆరోగ్య వివరాలు బయటికి పోకుండా కాపాడే నియమాలు దాని కిందే వచ్చాయి. ఓషా 1970 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ, దాని పని ఉద్యోగుల భద్రత. డెంటల్ క్లినిక్‌లో చూస్తే హిపా కుర్చీలో పడుకున్న పేషెంట్ కోసం, ఓషా పక్కన నిలబడి సక్షన్ పట్టుకున్న అసిస్టెంట్ కోసం. రెండూ వేర్వేరు శాఖలు, వేర్వేరు తనిఖీలు. కోర్సులు అమ్మేవాళ్లు రెంటినీ కలిపి ఒకే ప్యాకేజీగా పెడతారు.

ఇక ఆ సర్టిఫికెట్ సంగతి. హిపాను అమలు చేసే అమెరికా ఆరోగ్య శాఖ ఏ ప్రైవేటు సంస్థ ఇచ్చే ‘హిపా సర్టిఫికేషన్’నూ అధికారికంగా గుర్తించదు. ఓషా వైపు ఇంకో చిక్కుంది. రక్తం ద్వారా వ్యాపించే జబ్బుల నుంచి ఉద్యోగులను కాపాడేందుకు 1991లో తెచ్చిన నిబంధన ప్రకారం, ట్రైనింగ్‌లో ఉద్యోగి అప్పటికప్పుడు ప్రశ్న అడిగితే విషయం తెలిసిన మనిషి జవాబు చెప్పాలి. ఆ క్లినిక్‌లో ఏ సూది ఎక్కడ పడేస్తారో, సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో కూడా అందులో నేర్పాలి. ఎవరో ఎక్కడో రికార్డు చేసిన వీడియో చూసి, క్విజ్ రాసి, సర్టిఫికెట్ ప్రింట్ తీసుకుంటే ఈ లెక్క తీరదు. కోర్సులో నాలుగు ముక్కలు తెలుస్తాయి, కాదనను. వాటికి 900 డాలర్లు ఎక్కువ.

అసలు ‘కంప్లయన్స్ ఆఫీసర్’ అనే ఖాళీ చిన్న క్లినిక్‌లో ఉండదు. ప్రైవసీ బాధ్యతను, కంప్యూటర్లలోని సమాచార భద్రతను ఎవరికో ఒకరికి పేరు పెట్టి అప్పగించాలని హిపా చెబుతుంది. కానీ ఎనిమిది మంది పనిచేసే చోట దానికోసం ప్రత్యేకంగా ఒక మనిషిని ఎవరు పెట్టుకుంటారు? ఆఫీస్ మేనేజరో సీనియర్ అసిస్టెంటో తన పనితోపాటు అదీ చూసుకుంటారు. చాలాచోట్ల డాక్టర్‌గారి పేరే రాసి ఉంటుంది, ఫైలు బీరువాలో ఉంటుంది. కాబట్టి మీ అమ్మాయి ముందు క్లినిక్‌లో వేరే ఉద్యోగంతో అడుగుపెట్టాలి, ఆ తర్వాత ఈ బాధ్యతను తను అడిగి తీసుకోవాలి. అలా అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఇవ్వడానికి డాక్టర్లు సంతోషిస్తారు కూడా.

ఇక్కడే బీడీఎస్ చదువు అక్కరకొస్తుంది. ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే యంత్రం), స్పోర్ టెస్ట్ (అది సరిగా పనిచేస్తోందో చూసే పరీక్ష), షార్ప్స్ కంటైనర్ (వాడిన సూదులు వేసే డబ్బా) అంటే ఏమిటో ఆమెకు ఎవరూ మొదటినుంచి చెప్పక్కర్లేదు. మార్చుకోవాల్సింది అలవాట్లు. మన దగ్గర ఇంజెక్షన్ ఇచ్చాక రెండు చేతులతో సూదికి క్యాప్ పెట్టేయడం చాలామంది చేస్తారు. అక్కడ అది నిబంధనకు విరుద్ధం. ట్రేలో ఉన్న క్యాప్‌లోకి ఒంటిచేత్తో సూదిని దూర్చాలి, లేదంటే దానికోసం ఉన్న పరికరం వాడాలి. కొత్తగా చేరిన ఉద్యోగికి రక్తం తగిలే పని అప్పగిస్తే పది పనిదినాల్లోపు హెపటైటిస్-బి టీకా ఉచితంగా ఇస్తామని యజమాని చెప్పాలి. ఉద్యోగి వద్దంటే ఆ మాట సంతకంతో ఫైల్లో ఉండాలి. సూది గుచ్చుకోకుండా ఉండేందుకు క్లినిక్ రాసుకున్న ప్లాన్‌ను ఏటా సరిచూసి మార్పులు చేర్చాలి, ట్రైనింగ్ కూడా ఏటా జరగాలి. 2025లో ఒక్క ‘సీరియస్’ ఉల్లంఘనకు ఓషా వేయగల గరిష్ఠ జరిమానా 16,550 డాలర్లు. చిన్న క్లినిక్‌కు అది గట్టి దెబ్బే.

ప్రైవసీ వైపు మన పిల్లలకు కష్టం ఎక్కువ. తెలివి చాలక కాదు, మన పద్ధతే వేరు కాబట్టి. ఇక్కడ ఎక్స్‌రే ఫొటో తీసి వాట్సాప్‌లో సీనియర్‌కు పంపి ‘సర్, పన్ను తీసేయాలా, రూట్ కెనాల్ చేయాలా?’ అని అడగడం మామూలే. అక్కడ పేషెంట్ పేరున్న ఎక్స్‌రే సొంత ఫోన్‌లోకి ఎక్కితే అప్పుడే సమస్య మొదలైనట్టు. ముఖం పూర్తిగా కనిపించే ఫొటో కూడా పేషెంట్‌ను గుర్తుపట్టించే వివరమే. ‘ట్రీట్‌మెంట్‌కు ముందు, తర్వాత’ అని క్లినిక్ పేజీలో పెట్టాలంటే పేషెంట్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

డాలస్‌లోనే జరిగిన ఒక కేసు చెబుతాను. ఒక డెంటల్ క్లినిక్‌ మీద పేషెంట్ ఒకరు యెల్ప్ అనే రివ్యూల వెబ్‌సైట్‌లో రివ్యూ రాశారు. క్లినిక్‌వాళ్లు దానికి జవాబిస్తూ ఆ పేషెంట్ ఇంటిపేరు, ఆరోగ్య వివరాలు అందరికీ కనిపించేలా పెట్టేశారు. 2019లో 10,000 డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు, రెండేళ్లపాటు ప్రభుత్వ పర్యవేక్షణకు ఒప్పుకున్నారు. చిన్న సంస్థ అని తగ్గించి తీసుకున్న మొత్తమే అది. కోపంలో ఒక్క పేరా రాసినందుకు ఇంత! ‘ఆ రివ్యూలకు నేను జవాబులు రాస్తాను, ముందు నాకు చూపించండి’ అనగల మనిషి ఆ క్లినిక్‌లో ఒక్కరుంటే సరిపోయేది.

ఇంకో మాట అమ్మాయికి తప్పకుండా చెప్పండి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో అంతా మనవాళ్లే. క్లినిక్‌కు వచ్చిన తెలుగు ఆంటీ శనివారం గుడిలోనో, బతుకమ్మ ఆడేచోటో ఎదురవుతారు. ‘మొన్న మా క్లినిక్‌కు వచ్చారు కదా, పన్ను నొప్పి తగ్గిందా?’ అని పదిమందిలో ప్రేమగా అడిగినా తప్పే. ఫలానావారు మా పేషెంట్ అని బయటపెట్టడమే రహస్యం చెప్పడం కింద లెక్క. ఇంట్లో అల్లుడుగారికి కూడా చెప్పకూడదు. ఫోన్‌లో మీకూ చెప్పకూడదు, మీరూ అడగకండి.

ఇప్పుడు అసలు అడ్డంకి. హెచ్-4 ఉన్నంతమాత్రాన పనిచేసే హక్కు రాదు. అల్లుడుగారి ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం వేసే పిటిషన్) ఆమోదం పొంది ఉండాలి, లేదా గ్రీన్ కార్డ్ ప్రక్రియ ఆధారంగా ఆయన హెచ్-1బి ఆరేళ్లు దాటి పొడిగించి ఉండాలి. అప్పుడే అమ్మాయి వర్క్ పర్మిట్‌కు అప్లై చేయగలదు. అది చేతికి రాకముందు జీతం లేకుండా చేస్తానన్నా ఇబ్బందే. మామూలుగా జీతమిచ్చే పనిని ‘వాలంటీర్’ అనే పేరుతో చేయడం తర్వాత వీసాకు ఎసరు పెట్టవచ్చు. ఈ ఒక్క విషయం ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడిగి తేల్చుకోవాలి, స్నేహితుల గ్రూపులో కాదు.

పర్మిట్ ఉంటే డెంటల్ అసిస్టెంట్‌గానో ఫ్రంట్ డెస్క్‌లోనో చేరవచ్చు. టెక్సాస్‌లో ఎక్స్‌రేలు తీసే అసిస్టెంట్ రాష్ట్ర డెంటల్ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి, ఆ పని ముందే పూర్తిచేసుకుంటే ఇంటర్వ్యూలో మాట చెల్లుతుంది. ‘డాక్టర్ చదివి అసిస్టెంటా’ అని మీకు బాధగా ఉండవచ్చు. ఉండనివ్వండి, కానీ ఆ బాధ అమ్మాయి దాకా వెళ్లనివ్వకండి.

చేరేలోపు చదువుకోవడానికి పైసా ఖర్చు లేని సరుకు చాలా ఉంది. సూదుల భద్రతకు, రసాయనాల భద్రతకు నమూనా ప్లాన్లు ఓషా ఉచితంగా ఇస్తోంది. చిన్న క్లినిక్‌లు తమ కంప్యూటర్ల భద్రతలో లోపాలు చూసుకునేందుకు ఆరోగ్య శాఖ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టింది. టెక్సాస్ సొంత చట్టం హిపా కంటే ఒక మెట్టు పైన ఉంటుంది, కొత్త ఉద్యోగికి 90 రోజుల్లోపు ప్రైవసీ ట్రైనింగ్ ఇవ్వాలంటుంది. దాన్నీ చదవమనండి. ఒక ఊహా క్లినిక్‌ పేరుతో ఈ ప్లాన్లు తనే నింపి ఇంటర్వ్యూకు పట్టుకెళ్తే సర్టిఫికెట్ కంటే బాగా పనిచేస్తాయి.

పూర్తికాలపు కంప్లయన్స్ ఉద్యోగాలు లేవని కాదు. ఆసుపత్రి నెట్‌వర్క్‌లలో, పదుల కొద్దీ డెంటల్ క్లినిక్‌లు నడిపే గ్రూపుల్లో ఉన్నాయి. వాటికి పనిచేసిన అనుభవం కావాలి. ఆ స్థాయిలో విలువున్న సర్టిఫికెట్లు వేరు: డెంటల్ ఇన్ఫెక్షన్ కంట్రోల్‌కు డ్యాన్‌బి (డెంటల్ అసిస్టెంట్ల జాతీయ బోర్డు) ఇచ్చే సీడీఐపీసీ, ప్రైవసీకి సీహెచ్‌పీసీ. రెండేళ్లు పనిచేశాక వాటి గురించి ఆలోచించవచ్చు.

మళ్లీ డెంటిస్ట్ కావాలన్న కోరిక ఆమెకు ఉందా? మీ ప్రశ్నలో అది తెలియలేదు. ఉంటే ఐఎన్‌బీడీఈ అనే జాతీయ డెంటల్ బోర్డు పరీక్ష, ఆ తర్వాత విదేశీ డెంటిస్టుల కోసం కాలేజీలు నడిపే రెండు, మూడేళ్ల కోర్సు. సీట్లకు పోటీ ఎక్కువ, ఫీజు భారీ. అదే లక్ష్యమైతే 900 డాలర్లను పరీక్ష ఖర్చుకు దాచమనండి. ఇది ఆమె నిర్ణయం. తర్వాతి ప్రశ్న ఆమెనే రాయమనండి.

మీ అబ్బాయికి ఓషాతో పనిలేదు, ఆ నిబంధనలు ఇండియాకు వర్తించవు. హిపా మాత్రం రోజూ తగులుతూనే ఉంటుంది. అమెరికా ఆసుపత్రుల ఫైళ్లు చూసే హైదరాబాద్ కంపెనీలు ఒప్పందం ప్రకారం దానికి కట్టుబడాలి. ఫ్లోర్‌లోకి ఫోన్ తేనివ్వకపోవడం వెనక ఉన్న కారణాల్లో అదొకటి. మెడికల్ కోడింగ్‌కు ఇచ్చే సీపీసీ సర్టిఫికెట్ ఉంటే, ఆడిటింగ్‌లో కొంత అనుభవం వచ్చాక అదే సంస్థ కంప్లయన్స్‌కు ఇచ్చే సీపీసీఓ వైపు చూడవచ్చు. మన 2023 డేటా రక్షణ చట్టాన్ని కూడా చదవడం మొదలుపెట్టమనండి. ఇక్కడి ఆసుపత్రులకూ ఆ విషయం తెలిసినవాళ్లు అవసరమవుతారు.

మీరు ఖమ్మంలో ఉండి చేయగల పని ఒకటుంది. అమ్మాయి చదివిన కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, అప్పట్లో వేయించిన హెపటైటిస్-బి టీకా రికార్డు తెప్పించి స్కాన్ చేసి పంపండి. ఆమె ఏ దారిలో వెళ్లినా ఇవి అడుగుతారు, కాలేజీలు ఇవ్వడానికి నెలలు తీసుకుంటాయి.